సీ డ్రైవ్ పెంచే పనిలో ఈఎఫ్‌ఐ, రికవరీ పార్టిషన్లు రెండూ పోయాయి: ఫార్మాట్ కొట్టకుండా విండోస్ 11 లేపడం ఎలా?

#1 సర్వీస్‌బెంచ్_తెనాలి

అందరికీ నమస్కారం. సర్వీసుకి వచ్చిన ల్యాప్‌టాప్ ఇది. 512 జీబీ ఎన్వీఎంఈ, విండోస్ 11 24హెచ్2. కస్టమరు డీ డ్రైవ్ ఖాళీ చేసి డిలీట్ చేశారు. ఆ జాగా సీకి కలుపుదామంటే మధ్యలో రికవరీ పార్టిషన్ అడ్డం వచ్చింది. డిస్క్‌పార్ట్‌లో ఓవర్‌రైడ్ పెట్టి దాన్ని తీసేశారు, ముందు వైపున్న ఇంకో చిన్న పార్టిషన్‌నీ తీసేశారు. తర్వాత సీ ఎక్స్‌టెండ్ అయింది. రీస్టార్ట్ చేస్తే బూట్ అయ్యే డిస్క్ లేదని మెసేజ్, ఎంటర్ కొడితే బయోస్‌లోకి పోతోంది.

ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, షిఫ్ట్+ఎఫ్10 కొట్టి చూస్తే డిస్క్ 0లో ఉన్నవి ఇవే:

రిజర్వ్‌డ్ – 16 ఎంబీ – ఆఫ్‌సెట్ 261 ఎంబీ
ప్రైమరీ – 476 జీబీ – ఆఫ్‌సెట్ 277 ఎంబీ

లిస్ట్ వాల్యూమ్‌లో ఆ ప్రైమరీకి ఎన్‌టీఎఫ్‌ఎస్ బదులు "రా" అని చూపిస్తోంది. లోపల ట్యాలీ డేటా ఉంది, బ్యాకప్ లేదు. ఫార్మాట్ చేసే ప్రసక్తి లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

#2 నల్లస్క్రీన్

బూట్‌రెక్ /ఫిక్స్‌ఎంబీఆర్, బూట్‌రెక్ /ఫిక్స్‌బూట్, బూట్‌రెక్ /రీబిల్డ్‌బీసీడీ. ఈ మూడూ వరసగా కొట్టండి అన్నా. కాకపోతే సీని యాక్టివ్ పార్టిషన్‌గా మార్చండి.

#3 డిస్క్‌డాక్టర్

నల్లస్క్రీన్ గారూ, ఆ మూడూ పాత ఎంబీఆర్ డిస్కులకి పనికొస్తాయి. ఇది జీపీటీ డిస్క్ (ఎంబీఆర్, జీపీటీ రెండూ పార్టిషన్ పట్టిక రకాలే, జీపీటీ కొత్తది). ఇక్కడ ఎంబీఆర్ కోడ్‌తో ఫర్మ్‌వేర్‌కి (మదర్‌బోర్డు మీది బయోస్‌కి) పనే లేదు. యాక్టివ్ అనే గుర్తు జీపీటీలో ఉండదు, ఆ కమాండ్ ఇస్తే డిస్క్‌పార్టే ఒప్పుకోదు. ఫిక్స్‌బూట్ "యాక్సెస్ ఈజ్ డినైడ్" అంటుంది. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) తాళం తియ్యకుండా రీబిల్డ్‌బీసీడీ కొడితే దొరికిన విండోస్‌ల సంఖ్య 0 అని వస్తుంది. అది చూసి విండోస్ మొత్తం పోయిందనుకుని ఫార్మాట్ కొట్టేవాళ్లు చాలామంది.

తెనాలి గారూ, బూట్ గొలుసులో ఎక్కడ తెగిందో ముందు చూడాలి. ఫర్మ్‌వేర్ ఫ్యాట్32లో ఉన్న ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్‌ని తెరుస్తుంది. అందులోని బూట్ మేనేజర్ బీసీడీ ఫైల్ చదువుతుంది. విండోస్ ఏ పార్టిషన్‌లో ఉందో బీసీడీ చెబుతుంది. మీ డిస్కులో మొదటి లింకే లేదు. మీరు పెట్టిన ఆఫ్‌సెట్లు చూడండి: 1 ఎంబీ నుంచి 261 ఎంబీ దాకా ఖాళీ. సరిగ్గా 260 ఎంబీ. డిలీట్ అయిన ఈఎఫ్‌ఐ పార్టిషన్ ఉన్న చోటు అదే. ఎక్స్‌టెండ్ కుడివైపుకే జరుగుతుంది కాబట్టి ఆ జాగా అలాగే మిగిలింది. సీని ముట్టుకోకుండానే పని అయిపోతుంది.

"రా" అని కనపడినంత మాత్రాన డేటా పాడైనట్టు కాదు. 24హెచ్2లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెటప్ చేస్తే చాలా ల్యాప్‌టాపుల్లో డివైస్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది. తాళం తియ్యని బిట్‌లాకర్ వాల్యూమ్ బయటి నుంచి రాగానే కనిపిస్తుంది. చెక్‌డిస్క్ పెట్టకండి. "ఫార్మాట్ చేయాలా" అని ఏ విండో అడిగినా కాదనండి.

కమాండ్లు మన వేదిక పద్ధతి ప్రకారం తెలుగు లిపిలో రాస్తున్నాను, కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. ముందుగా తాళం సంగతి:

మేనేజ్-బీడీఈ -స్టేటస్
మేనేజ్-బీడీఈ -ప్రొటెక్టర్స్ -గెట్ సీ:

రెండోది కీ ఐడీ చూపిస్తుంది. కస్టమరు తన మైక్రోసాఫ్ట్ ఖాతాలో రికవరీ కీల పేజీ తెరిచి, ఆ ఐడీలోని మొదటి 8 అక్షరాలతో సరిపోయే కీ ఇవ్వాలి. కీ 48 అంకెలు, ఆరేసి అంకెల చొప్పున 8 గుంపులు.

మేనేజ్-బీడీఈ -అన్‌లాక్ సీ: -రికవరీపాస్‌వర్డ్ (48 అంకెలు, గుంపుల మధ్య అడ్డగీతలతో)

తర్వాత "డిర్ సీ:\" కొట్టండి. విండోస్, యూజర్స్ ఫోల్డర్లు కనపడాలి. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసినప్పుడు డ్రైవ్ అక్షరాలు మారిపోతుంటాయి. విండోస్ ఉన్నది డీలోనో ఈలోనో తేలితే, కింద నేను సీ అన్నచోటల్లా ఆ అక్షరమే పెట్టండి. ఇక్కడిదాకా వచ్చాక ట్యాలీ ఫోల్డర్‌ని ఇంకో డ్రైవ్‌లోకి కాపీ చేసుకున్నాకే మిగతా పని.

#4 సర్వీస్‌బెంచ్_తెనాలి

కీ దొరికింది, అన్‌లాక్ అయింది. విండోస్ డీ అక్షరంతో కనపడుతోంది. ట్యాలీ ఫోల్డరు, డెస్క్‌టాప్, డాక్యుమెంట్లు రోబోకాపీతో బయటి హార్డ్‌డిస్క్‌లోకి తీశాను.

#5 డిస్క్‌డాక్టర్

బాగుంది. పెన్‌డ్రైవ్ యూఈఎఫ్‌ఐ (కొత్త రకం బయోస్) మోడ్‌లోనే బూట్ అయిందో లేదో ఒకసారి చూసుకోండి:

రెగ్ క్వెరీ హెచ్‌కేఎల్‌ఎం\సిస్టమ్\కరెంట్‌కంట్రోల్‌సెట్\కంట్రోల్ /వీ పీఈఫర్మ్‌వేర్‌టైప్

2 వస్తే యూఈఎఫ్‌ఐ, 1 వస్తే లెగసీ. 1 వస్తే బూట్ మెనూలో అదే పెన్‌డ్రైవ్‌కి యూఈఎఫ్‌ఐ అని ఉన్న ఎంట్రీ ఎంచుకుని మళ్లీ రండి.

ఇప్పుడు డిస్క్‌పార్ట్‌లో:

లిస్ట్ డిస్క్
సెలెక్ట్ డిస్క్ 0
క్రియేట్ పార్టిషన్ ఈఎఫ్‌ఐ సైజ్=260
ఫార్మాట్ క్విక్ ఎఫ్‌ఎస్=ఫ్యాట్32 లేబుల్=సిస్టమ్
అసైన్ లెటర్=ఎస్
ఎగ్జిట్

సెలెక్ట్ డిస్క్ కొట్టే ముందు సైజు చూసి ఇది 476 జీబీ డిస్కే అని నిర్ధారించుకోండి. పెన్‌డ్రైవ్, బయటి హార్డ్‌డిస్క్ కూడా అదే జాబితాలో ఉంటాయి. బయటి డిస్క్ పీకేసి చేస్తే ఇంకా మంచిది. 260 పట్టలేదంటే 259 ఇవ్వండి. "క్లీన్" అనే కమాండ్ జోలికి పోవద్దు, అది పార్టిషన్ పట్టికనే తుడిచేస్తుంది.

260 ఎందుకంటే, 4కే సెక్టార్ డిస్కుల్లో ఫ్యాట్32కి 256 ఎంబీకి తక్కువైతే కుదరదు. మామూలు 512 బైట్ సెక్టార్ డిస్కులో 100 ఎంబీ సరిపోతుంది కానీ, జాగా ఉన్నప్పుడు పిసినారితనం అక్కర్లేదు.

చివరగా బూట్ ఫైళ్లు:

బీసీడీబూట్ డీ:\విండోస్ /ఎస్ ఎస్: /ఎఫ్ యూఈఎఫ్‌ఐ

"బూట్ ఫైల్స్ సక్సెస్‌ఫుల్లీ క్రియేటెడ్" అని రావాలి. కాపీ ఫెయిల్ అని వస్తే ఈ మూడింట్లో ఒకటి: విండోస్ డ్రైవ్ అక్షరం తప్పు, బిట్‌లాకర్ మళ్లీ లాక్ అయింది, లేదా ఎస్ ఫ్యాట్32 కాదు. బూట్ ఫైళ్లని బీసీడీబూట్ ఆ విండోస్ ఫోల్డర్ నుంచే తీసుకుంటుంది. అందుకే తాళం తియ్యడం ముందు చెప్పాను.

ఇంకో సంగతి. /ఎస్ వాడినప్పుడు ఫర్మ్‌వేర్ మెమరీలో "విండోస్ బూట్ మేనేజర్" ఎంట్రీ రాయదు. ఫర్మ్‌వేర్ తనంతట తాను ఈఎఫ్‌ఐ\బూట్ ఫోల్డర్‌లోని బూట్‌ఎక్స్64.ఈఎఫ్‌ఐని వెతుక్కోవాలి. కొన్ని ల్యాప్‌టాపులు అది చేయవు. అలాంటప్పుడు బయోస్‌లో డిస్క్ పేరుతో ఉన్న యూఈఎఫ్‌ఐ ఎంట్రీని చేత్తో ఎంచుకుని ఒకసారి విండోస్‌లోకి వెళ్లండి. లోపల అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో /ఎస్ లేకుండా "బీసీడీబూట్ సీ:\విండోస్" కొడితే ఎంట్రీ పడుతుంది.

#6 ఎన్‌టీఎఫ్‌ఎస్

దీన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్ల కోసం రెండు మాటలు చేరుస్తాను. ముందు వైపు ఖాళీ మిగలకపోతే సీ నుంచే కోయాలి: సెలెక్ట్ వాల్యూమ్‌తో సీని ఎంచుకుని "ష్రింక్ డిజైర్డ్=260 మినిమమ్=260", తర్వాత అదే క్రియేట్ పార్టిషన్ ఈఎఫ్‌ఐ. ఈఎఫ్‌ఐ పార్టిషన్ డిస్క్ మొదట్లోనే ఉండాలని నియమం లేదు. ఎక్కడున్నా టైప్ గుర్తు సరిగ్గా ఉంటే ఫర్మ్‌వేర్ పట్టుకుంటుంది.

పెన్‌డ్రైవ్‌లో డిస్కే కనపడకపోతే అది పార్టిషన్ సమస్య కాదు. 11వ తరం, ఆపై ఇంటెల్ ల్యాప్‌టాపుల్లో ఎక్కువగా వీఎండీ (ఇంటెల్ స్టోరేజ్ కంట్రోలర్ మోడ్) ఆన్ అయి ఉంటుంది. కంపెనీ సైట్ నుంచి రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ తెచ్చి, విప్పి, ఐఎన్‌ఎఫ్ ఫైళ్లున్న ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో పెట్టి "లోడ్ డ్రైవర్" నొక్కాలి. డిస్క్ కనపడటం కోసం బయోస్‌లో వీఎండీ ఆపేసి అలాగే విండోస్ బూట్ చేస్తే "ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్" అనే నీలి తెర కొత్తగా వచ్చి కూర్చుంటుంది.

#7 మిర్యాలగూడ_సిస్టమ్స్

దీనికి దగ్గరి ప్రశ్న. పాత హార్డ్‌డిస్క్‌ని ఎస్ఎస్‌డీకి క్లోన్ చేసి, పార్టిషన్లు జరిపి సర్దాక 0ఎక్స్‌సీ000000ఈ వస్తోంది. ఈఎఫ్‌ఐ పార్టిషన్ ఉంది, ఫైళ్లున్నాయి. ఇక్కడ ఏం తెగింది?

#8 డిస్క్‌డాక్టర్

మీ దగ్గర తెగింది మూడో లింక్. బూట్ మేనేజర్ లేచింది, బీసీడీ చదివింది, అందులో రాసిన పార్టిషన్ దొరకలేదు. బీసీడీ "సీ డ్రైవ్" అని రాసుకోదు. జీపీటీలో డిస్క్ గుర్తింపు సంఖ్యనీ, ఆ పార్టిషన్‌కున్న ప్రత్యేక గుర్తింపు సంఖ్యనీ రాసుకుంటుంది. పార్టిషన్ డిలీట్ చేసి అదే చోట అదే సైజులో మళ్లీ సృష్టించినా ఆ సంఖ్య మారిపోతుంది. ఎంబీఆర్‌లో డిస్క్ సిగ్నేచర్, పార్టిషన్ మొదలయ్యే చోటు రాసుకుంటుంది. అందుకే ఎంబీఆర్ డిస్కులో సీ మొదలు జరిపితే బూట్ పోతుంది, చివర పెంచితే పోదు.

ఈఎఫ్‌ఐ పార్టిషన్‌కి ఎస్ అక్షరం ఇచ్చి చూడండి:

బీసీడీఎడిట్ /స్టోర్ ఎస్:\ఈఎఫ్‌ఐ\మైక్రోసాఫ్ట్\బూట్\బీసీడీ /ఎనమ్

డివైస్, ఓఎస్‌డివైస్ ఎదురుగా "అన్‌నోన్" ఉంటే నేను చెప్పింది అదే. #5లోని బీసీడీబూట్ లైన్ చాలు. అది కుదరకపోతే ఆ బీసీడీ ఫైల్ పేరు మార్చి, మళ్లీ బీసీడీబూట్ కొట్టండి, కొత్తది తయారవుతుంది. పాత హార్డ్‌డిస్క్ తీసేసి చేయండి. రెండు డిస్కులకీ ఒకే గుర్తింపు సంఖ్య ఉంటే విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్ చేస్తుంది. దాన్ని చేత్తో ఆన్‌లైన్ చేస్తే ఆ సంఖ్య మార్చేస్తుంది. అది ఎస్ఎస్‌డీకి జరిగితే మళ్లీ ఇదే ఎర్రర్.

#9 పెంగ్విన్_హనుమకొండ

లినక్స్ కూడా ఉన్నోళ్లకు జర ఇది చెప్పాలె. విండోస్‌ల నుంచి పార్టిషన్లు జరిపినంక "నో సచ్ పార్టిషన్" అని గ్రబ్ (లినక్స్ బూట్ లోడర్) రెస్క్యూ తెర వస్తే, గ్రబ్ తన ఫైళ్లు ఉన్న పార్టిషన్‌ను పట్టుకోలేదని అర్థం. లినక్స్ పోయినట్టు కాదు.

ఎల్‌ఎస్
ఎల్‌ఎస్ (హెచ్‌డీ0,జీపీటీ5)/బూట్/గ్రబ్

ఒక్కొక్క నంబర్ మార్చి చూడండి. ఫైళ్ల పేర్లు కనపడ్డ చోట:

సెట్ రూట్=(హెచ్‌డీ0,జీపీటీ5)
సెట్ ప్రిఫిక్స్=(హెచ్‌డీ0,జీపీటీ5)/బూట్/గ్రబ్
ఇన్స్‌మాడ్ నార్మల్
నార్మల్

మెనూ వస్తది. ఇది ఒక్కసారికే. లోపలికి పోయినంక గ్రబ్-ఇన్‌స్టాల్, అప్‌డేట్-గ్రబ్ రెండూ నడపకపోతే మళ్ల అదే తెర.

మెనూ దాకా రాకపోతే లైవ్ పెన్‌డ్రైవ్ నుంచి క్రూట్ పెట్టాలె, అంటే అక్కడి నుంచే డిస్క్ మీది లినక్స్‌లకు దూరాలె. రూట్ పార్టిషన్‌ను /ఎంఎన్‌టీ మీద, ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ను /ఎంఎన్‌టీ/బూట్/ఈఎఫ్‌ఐ మీద మౌంట్ చేయండి. డెవ్, ప్రాక్, సిస్, రన్ నాలుగింటినీ బైండ్ చేయండి. సిస్ కింద ఉండే ఈఎఫ్‌ఐవార్స్ కూడా లోపల కనపడాలె, లేకపోతే గ్రబ్-ఇన్‌స్టాల్ ఫర్మ్‌వేర్‌ల ఎంట్రీ రాయలేదు. సింపుల్‌గ "మౌంట్ --ఆర్‌బైండ్" వాడితే అది కూడా వస్తది.

గ్రబ్ బాగై ఎమర్జెన్సీ మోడ్‌ల ఆగిందా? /ఈటీసీ/ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌ల (బూట్‌ల మౌంట్ చేసే పార్టిషన్ల జాబితా) పాత యూయూఐడీ, అంటే పార్టిషన్ గుర్తింపు సంఖ్య, ఉంటది. తెనాలి గారి మెషిన్ లెక్క ఈఎఫ్‌ఐ పార్టిషన్ కొత్తగ ఫార్మాట్ అయితే దాని యూయూఐడీ తప్పక మారుతది. బీఎల్‌కేఐడీ కొట్టి కొత్తది చూసుకుని, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌ల మార్చండి. స్వాప్ పార్టిషన్ తీసేస్తే బూట్ల 1 నిమిషం 30 సెకన్లు ఆగుతది, దాని లైన్ కూడా ఎఫ్‌ఎస్‌ట్యాబ్ నుంచి తీసేయండి. ఉబుంటు, డెబియన్‌లల్ల ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ రెజ్యూమ్ సెట్టింగ్‌ల పాత స్వాప్ పేరు మిగిలి ఉందేమో చూసి, అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యూ నడపండి.

విండోస్‌ల ఫాస్ట్ స్టార్టప్ ఆపకుండ లినక్స్ నుంచి ఎన్‌టీఎఫ్‌ఎస్ సైజు మార్చొద్దు. షట్‌డౌన్ అనుకుంటరు, నిజానికి అది సగం హైబర్నేట్. "షట్‌డౌన్ /ఎస్ /టీ 0" కొట్టి ఆపినంకనే ముట్టండి.

#10 సర్వీస్‌బెంచ్_తెనాలి

విండోస్ లేచింది! 260 పట్టింది, బీసీడీబూట్ సక్సెస్ అంది. మొదటి బూట్‌లో బిట్‌లాకర్ కీ అడిగింది, ఇచ్చాక లోపలికి వెళ్లింది. లోపలి నుంచి /ఎస్ లేకుండా బీసీడీబూట్ కొట్టాక బయోస్‌లో విండోస్ బూట్ మేనేజర్ కనపడుతోంది. డిస్క్‌డాక్టర్ గారికి ధన్యవాదాలు.

ఇప్పుడు రికవరీ. రీఏజెంట్‌సీ /ఇన్ఫో (రికవరీ స్థితి చూపే కమాండ్) కొడితే డిసేబుల్డ్, లొకేషన్ ఖాళీ. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ చేసినా రిపేర్ మెనూ రావట్లేదు.

#11 ఎన్‌టీఎఫ్‌ఎస్

రికవరీ బూట్ గొలుసులో భాగం కాదు. అది లేకపోయినా విండోస్ లేస్తుంది, అందుకే పోయిందని చాలామందికి నెలల తరబడి తెలియదు. రీసెట్ కొట్టిన రోజు "రికవరీ ఎన్విరాన్‌మెంట్ దొరకలేదు" అన్నప్పుడే బయటపడుతుంది.

పార్టిషన్ డిలీట్ చేసే ముందు "రీఏజెంట్‌సీ /డిసేబుల్" కొట్టి ఉంటే విన్‌ఆర్‌ఈ.విమ్ (రికవరీ ఇమేజ్) ఫైల్ సీ:\విండోస్\సిస్టమ్32\రికవరీ ఫోల్డర్‌లోకి వచ్చి క్షేమంగా ఉండేది. ఇక్కడ అది పార్టిషన్‌తో పాటే పోయింది. ఇన్‌స్టాలేషన్ ఐఎస్ఓ నుంచి తెచ్చుకోవాలి. అదే వెర్షన్, అదే భాష ఐఎస్ఓ తీసుకుని, సోర్సెస్ ఫోల్డర్‌లోని ఇన్‌స్టాల్.విమ్‌ని 7-జిప్‌తో తెరవండి. 1, విండోస్, సిస్టమ్32, రికవరీ వరసలో లోపలికి వెళ్తే విన్‌ఆర్‌ఈ.విమ్ ఉంటుంది. దాన్ని సీలోని అదే రికవరీ ఫోల్డర్‌లోకి కాపీ చేయండి. మీడియా క్రియేషన్ టూల్‌తో చేసిన పెన్‌డ్రైవ్‌లో ఇన్‌స్టాల్.ఈఎస్‌డీ ఉంటుంది. విండోస్ ఇమేజ్ టూల్ డిజమ్ దాన్ని నేరుగా మౌంట్ చేయదు, ముందు విమ్‌గా ఎక్స్‌పోర్ట్ చేయాలి. పూర్తి ఐఎస్ఓ దింపుకోవడమే సులువు.

తర్వాత పార్టిషన్. డిస్క్‌పార్ట్‌లో డిస్క్ 0 ఎంచుకుని:

సెలెక్ట్ వాల్యూమ్ సీ
ష్రింక్ డిజైర్డ్=1024 మినిమమ్=1024
క్రియేట్ పార్టిషన్ ప్రైమరీ ఐడీ=డీఈ94బీబీఏ4-06డీ1-4డీ40-ఏ16ఏ-బీఎఫ్‌డీ50179డీ6ఏసీ
జీపీటీ యాట్రిబ్యూట్స్=0ఎక్స్8000000000000001
ఫార్మాట్ క్విక్ ఎఫ్‌ఎస్=ఎన్‌టీఎఫ్‌ఎస్ లేబుల్="విండోస్ ఆర్‌ఈ టూల్స్"
ఎగ్జిట్

ఆ పొడుగాటి ఐడీలో ఒక్క అక్షరం తప్పినా విండోస్ దాన్ని రికవరీగా గుర్తించదు. యాట్రిబ్యూట్స్‌లో 8 తర్వాత 14 సున్నాలు, చివర 1. డ్రైవ్ అక్షరం పడకుండా, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఎవరూ డిలీట్ చేయకుండా కాపాడేది ఆ అంకే. ఎంబీఆర్ డిస్క్ అయితే ఈ రెండు లైన్ల బదులు మామూలుగా సృష్టించి "సెట్ ఐడీ=27".

చివర:

రీఏజెంట్‌సీ /ఎనేబుల్
రీఏజెంట్‌సీ /ఇన్ఫో

ఎనేబుల్డ్ అని, లొకేషన్‌లో కొత్త పార్టిషన్ నంబర్ రావాలి.

1 జీబీ ఎక్కువనిపించవచ్చు, కానీ తక్కువ పెట్టకండి. 2024 జనవరిలో విండోస్ 10కి వచ్చిన కేబీ5034441 చాలా మెషిన్లలో 0ఎక్స్80070643తో ఆగిపోయింది. రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ లేకపోవడమే కారణం. బిట్‌లాకర్‌ని దాటుకుని డేటా చేరే లోపాన్ని మూసే అప్‌డేట్ అది. వదిలేయదగ్గది కాదు. రికవరీ ఎప్పుడూ సీకి వెంటనే కుడి పక్కన ఉండాలి. పెంచాల్సి వస్తే సీ నుంచి కోసి ఇవ్వడం కుదిరేది అప్పుడే.

#12 నల్లస్క్రీన్

డిస్క్‌డాక్టర్ గారూ, వివరంగా చెప్పినందుకు థాంక్స్. ష్రింక్ చేస్తుంటే సీలో వందల జీబీ ఖాళీ ఉన్నా కొన్ని ఎంబీలకి మించి కోయనివ్వకపోతే?

#13 డిస్క్‌డాక్టర్

కదపలేని ఫైల్ ఏదో చివర కూర్చుని ఉంటుంది. పేజ్‌ఫైల్, హైబర్నేషన్ ఫైల్, సిస్టమ్ రిస్టోర్ పాయింట్లు, ఎంఎఫ్‌టీ ముక్కలు. "పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్" కొట్టి, సీకి సిస్టమ్ ప్రొటెక్షన్, పేజ్‌ఫైల్ తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి. ఏ ఫైల్ అడ్డమో ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ లాగ్ కింద 259 నంబర్ ఈవెంట్ చెబుతుంది. పని అయ్యాక మూడూ తిరిగి ఆన్ చేయడం మరవకండి.

చేత్తో జరిపే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి ఒక హెచ్చరిక. సైజు పెంచడం నిమిషాల పని, పార్టిషన్ మొదలు జరపడం అలా కాదు, మొత్తం డేటా కొత్త చోటికి రాసుకుపోతుంది. మధ్యలో కరెంటు పోతే సగం పాత చోట, సగం కొత్త చోట. కోతలున్న ఊళ్లో డెస్క్‌టాప్ మీద యూపీఎస్ లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ నిండుగా ఉన్నా చార్జర్ పెట్టే ఉంచండి.

#14 సర్వీస్‌బెంచ్_తెనాలి

పార్టిషన్ అయింది, కానీ రీఏజెంట్‌సీ /ఎనేబుల్ కొడితే "విండోస్ ఆర్‌ఈ ఇమేజ్ దొరకలేదు" అంటోంది. ఫైల్ మాత్రం రికవరీ ఫోల్డర్‌లో ఉంది.

#15 ఎన్‌టీఎఫ్‌ఎస్

అదే ఫోల్డర్‌లో రీఏజెంట్.ఎక్స్‌ఎంఎల్ ఉంటుంది. పాత పార్టిషన్ గుర్తింపు, ఆఫ్‌సెట్ అందులో ఇంకా అలాగే ఉన్నాయి. దాని పేరు రీఏజెంట్.ఓల్డ్ అని మార్చి మళ్లీ ఎనేబుల్ కొట్టండి, విండోస్ కొత్తది రాసుకుంటుంది. రికవరీ ఫోల్డర్ దాచి ఉంటుంది, "యాట్రిబ్ -హెచ్ -ఎస్" కొడితేనే కొన్నిసార్లు పేరు మార్చనిస్తుంది.

రికవరీకి విడిగా పార్టిషన్ లేకుండా, బిట్‌లాకర్ ఉన్న సీ మీదే ఎనేబుల్ చేయబోతే అది ఒప్పుకోదు. ఆ మెసేజ్ వేరేగా ఉంటుంది, బిట్‌లాకర్ పేరు అందులోనే వస్తుంది.

#16 సర్వీస్‌బెంచ్_తెనాలి

ఎక్స్‌ఎంఎల్ పేరు మార్చాక ఎనేబుల్ అయింది. షిఫ్ట్+రీస్టార్ట్‌తో నీలి మెనూ వచ్చింది, కమాండ్ ప్రాంప్ట్‌లో కీ ఇస్తే సీ కూడా తెరుచుకుంది. ఎస్ అక్షరం అలాగే ఉంచాలా?

#17 డిస్క్‌డాక్టర్

పెన్‌డ్రైవ్‌లో ఉండగా ఇచ్చిన అక్షరం సాధారణంగా అక్కడితోనే పోతుంది. మై కంప్యూటర్‌లో ఎస్ కనపడుతుంటే డిస్క్‌పార్ట్‌లో ఆ వాల్యూమ్ ఎంచుకుని "రిమూవ్ లెటర్=ఎస్". తర్వాత "మేనేజ్-బీడీఈ -స్టేటస్ సీ:" కొట్టి ప్రొటెక్షన్ ఆన్ అని ఉందో లేదో చూడండి. ప్రతి బూట్‌కీ కీ అడుగుతుంటే "మేనేజ్-బీడీఈ -ప్రొటెక్టర్స్ -డిసేబుల్ సీ:" కొట్టి, ఒకసారి రీస్టార్ట్ చేసి, "-ఎనేబుల్" కొట్టండి. టీపీఎం (కీ దాచే భద్రతా చిప్) కొత్త బూట్ ఫైళ్లకి ముడిపడుతుంది. ఆ 48 అంకెల కీ కాగితం మీద రాసి కస్టమరుకి మెషిన్‌తో పాటు ఇవ్వండి.